ముందుకు జరిపారంటే ఏ రోజుకి? ఇంగ్లిష్ ఫ్రేజల్ వెర్బులూ, కాలం చెప్పే మాటలూ

“నెక్స్ట్ వెన్స్‌డేస్ మీటింగ్ హ్యాజ్ బీన్ మూవ్డ్ ఫార్వర్డ్ టూ డేస్.” ఈ వాక్యం చదివి మీటింగ్ ఏ రోజో చెప్పమంటే కొందరు సోమవారం అంటారు, కొందరు శుక్రవారం అంటారు. పుట్టినప్పటి నుంచీ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు కూడా ఇక్కడ రెండుగా చీలిపోతారు. మనసు భాషని ఎలా అర్థం చేసుకుంటుందో పరిశీలించేవాళ్లకి ఈ వాక్యం బాగా పరిచయం. లెరా బొరోడిట్‌స్కీ, మైఖేల్ రామ్‌స్కార్ అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే ప్రశ్నని విమానాశ్రయంలో ఉన్నవాళ్లని అడిగారు. ఎవరినో తీసుకెళ్లడానికి వచ్చి ఎదురుచూస్తున్నవాళ్లతో పోలిస్తే, అప్పుడే విమానం దిగినవాళ్లలో శుక్రవారం అన్నవాళ్లు ఎక్కువ. తానే కదులుతున్నట్టు అనిపించే మనిషికి ‘ఫార్వర్డ్’ అంటే తాను వెళ్తున్న దిక్కు, అంటే భవిష్యత్తు. తాను నిలబడి ఉంటే కాలమే తనవైపు వస్తోందనుకునే మనిషికి ‘ఫార్వర్డ్’ అంటే ఆ రోజు తనకి ఇంకా దగ్గరికి రావడం.

తెలుగు వాళ్లం దీన్ని చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. మన ‘ముందు’ కూడా ఇలాగే రెండు వైపులా చూస్తుంది. ‘పరీక్షకి రెండు రోజుల ముందు’ అన్నప్పుడు అది వెనకటి రోజు. ‘మున్ముందు ఏం జరుగుతుందో’ అన్నప్పుడు అది రాబోయే రోజు. ‘పరీక్ష ముందుకు జరిగింది’ అని ఎవరైనా అంటే, తేదీ అడగకుండా ఊరుకోవడం మంచిది కాదు.

ఇంగ్లిష్‌లో కాలం గురించి రాసేటప్పుడు వచ్చే తికమకలో ఎక్కువ భాగం ఇలాంటి చోటే పుడుతుంది. ఫ్రేజల్ వెర్బ్‌లో, అంటే ‘కాల్ ఆఫ్’ లాంటి జంటమాటలో, క్రియ పక్కన ఉండే చిన్న మాట కదలిక ఏ వైపో చెబుతుంది. కాలం చెప్పే మాట ఆ కదలికని ఎక్కడి నుంచి కొలవాలో చెబుతుంది. రెండిట్లో ఏది జారినా అవతలివాళ్లు వేరే రోజున వచ్చి కూర్చుంటారు. అందుకే ఈ రెండింటినీ విడివిడిగా చూసి, ఆ తర్వాత కలిపి చూడాలి.

చిన్న మాటే పెద్ద పని చేస్తుంది

క్రియకి ‘ఆఫ్’, ‘అప్’, ‘ఆన్’, ‘అవుట్’, ‘త్రూ’ లాంటి చిన్న మాట తగిలి అర్థం మారిపోతే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ‘కాల్’ అంటే పిలవడం, ‘కాల్ ఆఫ్’ అంటే రద్దు చేయడం. పరాయి భాషలవాళ్లకి ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా కష్టమైనవి ఇవేనని శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు ముందుమాటలోనే రాశాడు. ఆ మాట ఇవాళ్టికీ నిజమే.

కానీ ఈ పద్ధతి మనకి పూర్తిగా కొత్త కాదు. ‘తిన్నాడు’కీ ‘తినేశాడు’కీ తేడా తెలుగువాళ్లెవరికీ నేర్పనక్కర్లేదు. ‘రాశాడు’, ‘రాసేశాడు’, ‘రాసుకున్నాడు’, ‘రాసిపెట్టాడు’, ‘రాసుకుంటూ పోయాడు’ అన్నప్పుడు చేసిన పని ఒకటే, దాని ఆకారం వేరు. పని పూర్తయిందా, తన కోసం చేశాడా, ఇంకొకరికి పనికొస్తుందని చేశాడా, ఆగకుండా చేశాడా అన్నది చివర తగిలిన క్రియ చెబుతోంది. ఇంగ్లిష్‌లో ‘ఈట్ అప్’, ‘యూజ్ అప్’, ‘డ్రింక్ అప్’ అన్నప్పుడు ఆ ‘అప్’ దాదాపు మన ‘ఏశాడు’ చేసే పనే చేస్తుంది. ‘రీడ్ ఆన్’, ‘క్యారీ ఆన్’, ‘గో ఆన్’లో ఉన్న ‘ఆన్’ మన ‘-తూ పోవడం’. ఈ పోలికని మనసులో పెట్టుకుంటే చాలా ఫ్రేజల్ వెర్బులు బట్టీ పట్టకుండానే అర్థమవుతాయి.

చాలా అన్నానే గాని అన్నీ అనలేదు. ఊహతో అర్థం తేల్చుకోవడం ఎక్కడ ప్రమాదమో చూపించడానికి ‘గో ఆఫ్’ ఒక్కటి చాలు. “ది లైట్స్ వెంట్ ఆఫ్” అంటే దీపాలు ఆరిపోయాయి. “ది అలారం వెంట్ ఆఫ్” అంటే అలారం మోగింది, ఆగింది కాదు. ‘స్విచ్ ఆఫ్’ అలవాటున్న చెవికి ‘ఆఫ్’ అనగానే ఆగడం తోస్తుంది. గోడమీద “ఇఫ్ ది అలారం గోస్ ఆఫ్, లీవ్ ది బిల్డింగ్” అని రాసి ఉంటే, దాన్ని ‘అలారం ఆగాక బయటికి వెళ్లండి’ అని చదువుకున్న మనిషి మంటల మధ్య నిలబడి ఎదురుచూస్తాడు. ఇలాంటి సూచనలు రాసేవాళ్లు ‘గోస్ ఆఫ్’ బదులు ‘సౌండ్స్’ లేదా ‘రింగ్స్’ అని రాయాలి. ప్రాణాల సంగతి ఉన్నచోట ఫ్రేజల్ వెర్బ్ వాడకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

‘ఇట్’ ఎక్కడ పెట్టాలి

అర్థం తెలిసినా మాటల వరసలో తప్పు పడుతుంది. ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సిన నియమం ఒకటే, కానీ దానికి రెండు ముఖాలున్నాయి.

కొన్ని ఫ్రేజల్ వెర్బులు విడిపోతాయి. “కాల్ ఆఫ్ ది మీటింగ్” అనొచ్చు, “కాల్ ది మీటింగ్ ఆఫ్” అని కూడా అనొచ్చు. కానీ మీటింగ్ బదులు ‘ఇట్’, ‘దెమ్’, ‘హిమ్’ లాంటి సర్వనామం వస్తే అది మధ్యలోనే కూర్చోవాలి. “కాల్ ఇట్ ఆఫ్” సరైనది, “కాల్ ఆఫ్ ఇట్” తప్పు. ‘పుట్ ఇట్ ఆఫ్’, ‘బ్రింగ్ ఇట్ ఫార్వర్డ్’, ‘ఫిల్ ఇట్ ఇన్’, ‘రైట్ ఇట్ డౌన్’ అన్నీ ఈ జాతే.

మరికొన్ని విడిపోవు. “లుక్ ఆఫ్టర్ ఇట్” అనే అనాలి, “లుక్ ఇట్ ఆఫ్టర్” అనకూడదు. ‘రన్ ఇంటు’, ‘గెట్ ఓవర్’, ‘డీల్ విత్’ ఇలాంటివే. మూడు మాటలవి చాలావరకు విడిపోవు: ‘రన్ అవుట్ అవ్ టైమ్’, ‘క్యాచ్ అప్ ఆన్ వర్క్’, ‘కట్ డౌన్ ఆన్’.

ఏది ఏ జాతో చెవితో పట్టుకోవచ్చు. విడిపోయేవాటిలో ఊనిక, అంటే నొక్కి పలకడం, చిన్న మాట మీద పడుతుంది: ‘కాల్ ఇట్ ఆఫ్’లో ‘ఆఫ్’ మీద. ‘లుక్ ఎట్ ఇట్’ లాంటి వాటిలో ఊనిక క్రియ మీద, అంటే ‘లుక్’ మీద ఉంటుంది. అన్ని వేళలా నూటికి నూరుపాళ్లు పనిచేసే గుర్తు కాదు గాని, నిఘంటువు చేతిలో లేనప్పుడు ఇంతకన్నా మంచిది దొరకదు. రేడియోలోనో పాడ్‌కాస్ట్‌లోనో వింటున్నప్పుడు చిన్న మాట గట్టిగా వినిపిస్తే, అది విడిపోయే రకమని గమనించి రాసుకోవచ్చు.

చిన్న మాట స్థానం మారితే అర్థమే మారిపోయే జంటలూ ఉన్నాయి. “ఐ సా త్రూ ఇట్” అంటే అందులోని మోసం కనిపెట్టాను. “ఐ సా ఇట్ త్రూ” అంటే దాన్ని చివరిదాకా వదలకుండా నడిపించాను. “గెట్ ఓవర్ ఇట్” అంటే ఆ బాధలోంచి బయటపడు. “గెట్ ఇట్ ఓవర్ విత్” అంటే ఆ ఇబ్బందికరమైన పని త్వరగా ముగించెయ్యి. చిన్న మాట క్రియకి ముందు అతుక్కుపోతే ఇంకా దూరం వెళ్తుంది: ‘లుక్ ఓవర్’ అంటే ఒకసారి పరిశీలించడం, ‘ఓవర్‌లుక్’ అంటే చూడకుండా వదిలేయడం. “ప్లీజ్ ఓవర్‌లుక్ మై రిపోర్ట్” అని పై అధికారికి రాస్తే, నా నివేదికని చూడకండి అని వేడుకున్నట్టు.

కర్మ మరీ పొడుగ్గా ఉంటే మధ్యలో ఇరికించకండి. “పుట్ ది మీటింగ్ దట్ వి హ్యాడ్ ప్లాన్డ్ విత్ ది న్యూ టీమ్ ఆఫ్” అన్న వాక్యంలో ‘ఆఫ్’ వచ్చేసరికి చదివేవాళ్లు ‘పుట్’ని మర్చిపోతారు. పొడుగు కర్మ ఉంటే ‘పుట్ ఆఫ్’ని కలిపే ఉంచి, తర్వాత మిగతాది చెప్పాలి.

చిన్న మాట తర్వాత ఇంకో క్రియ వస్తే దానికి ‘ఇంగ్’ రూపం కావాలి: “పుట్ ఆఫ్ గోయింగ్”, “గివ్ అప్ స్మోకింగ్”. ఎక్కువమంది జారేది ‘లుక్ ఫార్వర్డ్ టు’ దగ్గర. ఇందులోని ‘టు’ కూడా చిన్న మాటల జాతిదే, క్రియకి ముందొచ్చే ‘టు’ కాదు. కాబట్టి “లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ” అనాలి. “టు మీట్ యూ” తప్పు. ‘గో ఆన్’తో రెండూ కుదురుతాయి గాని అర్థం వేరు: “షి వెంట్ ఆన్ టాకింగ్” అంటే ఆపకుండా మాట్లాడుతూనే పోయింది, “షి వెంట్ ఆన్ టు టాక్ అబౌట్ మనీ” అంటే వేరే విషయం ముగించి తర్వాత డబ్బు గురించి మాట్లాడింది.

రాతలో ఇంకో చిన్న జాగ్రత్త. క్రియ అయితే రెండు మాటలు, నామవాచకం అయితే ఒకే మాట లేదా మధ్యలో గీత. లాగిన్ అవమని చెప్పేటప్పుడు ‘లాగ్’, ‘ఇన్’ విడిగా రాయాలి. లాగిన్ పేజీ అన్నప్పుడు కలిపి రాయాలి. బ్యాకప్, సెటప్, ఫాలో-అప్ కూడా అంతే.

రోజు మార్చే క్రియలు

ఇప్పుడు అసలు చిక్కుకి వద్దాం. ఏదైనా కార్యక్రమం రోజు మారిందని చెప్పడానికి ఇంగ్లిష్‌లో అరడజను పైనే ఫ్రేజల్ వెర్బులున్నాయి. అవన్నీ ఒకటి కావు.

‘కాల్ ఆఫ్’ అంటే రద్దు, ఇక జరగదు. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా, తర్వాత జరుగుతుంది. ఈ రెండూ కలిపేసుకుంటే నష్టం చిన్నది కాదు: కాల్ ఆఫ్ అన్నది విని వాయిదా అనుకున్నవాళ్లు కొత్త తేదీ కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. ‘పుట్ ఆఫ్’లో ఒక్కోసారి బద్ధకమో, భయమో ఉందన్న ధ్వని వినిపిస్తుంది. “ఐ కీప్ పుటింగ్ ఇట్ ఆఫ్” అంటే చేయడం ఇష్టంలేక నెట్టుకొస్తున్నాను. కాబట్టి అధికారిక ప్రకటనలో ‘పోస్ట్‌పోన్’ వాడటం మర్యాద. ‘పుట్ సమ్‌వన్ ఆఫ్’ అంటే ఒక మనిషికి దేనిమీదో ఆసక్తి చెడగొట్టడం అనే అర్థం కూడా ఉంది. కర్మ మనిషా, పనా అన్నది చూసుకోవాలి.

‘పుట్ బ్యాక్’ బ్రిటన్‌లో ఎక్కువ. “ది మీటింగ్ హ్యాజ్ బీన్ పుట్ బ్యాక్ ఆన్ అవర్” అంటే గంట ఆలస్యంగా జరుగుతుంది. కానీ అదే బ్రిటన్‌లో “పుట్ ది క్లాక్ బ్యాక్ ఆన్ అవర్” అంటే గడియారం ముల్లుని గంట వెనక్కి తిప్పడం, పదిని తొమ్మిది చేయడం. ఒకే క్రియ, ఒకే చిన్న మాట, ఒకే గంట. పదింటి మీటింగ్ పదకొండుకి వెళ్తుంది, పది చూపే గడియారం తొమ్మిదికి వస్తుంది. ఎందుకిలా? గడియారంలో వెనకంటే చిన్న అంకె. మీటింగులని వరసలో నిలబెట్టి చూస్తే వెనకంటే వరస చివరి వైపు, అంటే ఆలస్యం. రెండు బొమ్మలూ వేర్వేరని గ్రహిస్తే ఈ వైరుధ్యం గుర్తుండిపోతుంది.

అమెరికాలో ‘పుష్ బ్యాక్’ అంటే ఆలస్యం చేయడం. “ది క్లయింట్ పుష్డ్ బ్యాక్” అన్నప్పుడు మాత్రం క్లయింట్ అభ్యంతరం చెప్పాడని. మీటింగు తేదీకి సంబంధమే లేదు. ‘మూవ్ అప్’ అమెరికాలో ముందు తేదీకి మార్చడం. దాన్నే బ్రిటన్‌లో ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అంటారు. ‘బ్రింగ్’ అంటే మన దగ్గరికి తేవడం కాబట్టి ‘మూవ్ ఫార్వర్డ్’లో ఉన్న తికమక ‘బ్రింగ్ ఫార్వర్డ్’లో దాదాపు ఉండదు. తేదీ దగ్గరికొచ్చిందని చెప్పడానికి ఒకే ఒక ఫ్రేజల్ వెర్బ్ ఎంచుకోమంటే నేను చెప్పేది ఇదే. భారతదేశంలో స్థిరపడిన ‘ప్రీపోన్’ మాట చాలా చక్కని మాట, లోటు తీర్చిన మాట. అయితే మన దేశం బయట చాలామందికి అది తెలియదు. చదివేవాళ్లెవరో చూసుకుని వాడాలి. ఒట్టి ‘పుష్’, ఒట్టి ‘మూవ్’, ఒట్టి ‘షిఫ్ట్’ మాత్రం ఎక్కడా వాడొద్దు. వాటికి దిక్కే లేదు.

ఈ క్రియల తర్వాత వచ్చే ప్రిపొజిషన్ కూడా జాగ్రత్తగా చూడాలి. “పుట్ ఆఫ్ బై ఎ వీక్” అంటే ఎంత మేరకో చెప్పడం: వారం రోజుల మేర. “పుట్ ఆఫ్ టు ఫ్రైడే”, “పుట్ ఆఫ్ అన్‌టిల్ ఫ్రైడే” అంటే ఏ రోజుకో చెప్పడం. ఇక్కడి ‘బై’ కొలత చెప్పే ‘బై’, గడువు చెప్పే ‘బై’ కాదు. “పుట్ ఆఫ్ బై ఫ్రైడే” అంటే అర్థమే కుదరదు.

కల్లా, దాకా, లో, నుంచి

గడువుల దగ్గర తప్పులు పోవాలంటే తెలుగులోనే ఆలోచించడం నయం. మనకి ‘కల్లా’ ఉంది, ‘దాకా’ ఉంది. ‘శుక్రవారానికల్లా పంపండి’ అన్నది ‘బై ఫ్రైడే’. ఆలోపు ఎప్పుడైనా ఒక్కసారి జరిగితే చాలు. ‘శుక్రవారం దాకా పనిచేస్తాను’ అన్నది ‘అన్‌టిల్ ఫ్రైడే’. అప్పటివరకూ సాగుతూనే ఉంటుంది. వాక్యాన్ని తెలుగులో ఒకసారి అనుకుని, నోటికి ‘కల్లా’ వస్తే ‘బై’, ‘దాకా’ వస్తే ‘అన్‌టిల్’ రాయండి. తప్పు పడేది ‘వరకు’ దగ్గర, దాన్ని మనం రెండు చోట్లా వాడేస్తాం కాబట్టి. “సెండ్ ది రిపోర్ట్ టిల్ ఫ్రైడే” అంటే శుక్రవారం దాకా ఆ నివేదికని పంపుతూనే ఉండమన్నట్టు వినిపిస్తుంది.

‘అన్‌టిల్’తో ఇంకో పొరపాటు తెలుగులోని ‘రానంతవరకు’ నుంచి వస్తుంది. “అన్‌టిల్ హి డజన్ట్ కమ్, ఐ విల్ వెయిట్” అనకూడదు. ‘అన్‌టిల్’లోనే ఆ అర్థం ఇమిడి ఉంది. “ఐ విల్ వెయిట్ అన్‌టిల్ హి కమ్స్.” ఇక్కడ ‘విల్ కమ్’ కూడా కాదు. ‘వెన్’, ‘ఆఫ్టర్’, ‘బిఫోర్’, ‘అన్‌టిల్’ వెనక వచ్చే కాలం ముక్కలో భవిష్యత్తుకి కూడా వర్తమాన రూపమే వాడాలి.

‘అన్‌టిల్ ఫ్రైడే’ అన్నప్పుడు శుక్రవారం లెక్కలోకి వస్తుందా? “ఓపెన్ అన్‌టిల్ ఫ్రైడే” అంటే శుక్రవారం కూడా తెరిచే ఉంటుందని అనుకుంటారు. “క్లోజ్డ్ అన్‌టిల్ ఫ్రైడే” అంటే శుక్రవారం తెరుస్తారని అనుకుంటారు. అంటే మాట ఒకటే అయినా లెక్క తిరగబడింది. ఈ చిక్కుకి విరుగుడు తేలిక: “రీఓపెన్స్ ఆన్ ఫ్రైడే” అని రాయడం. అమెరికన్ ఇంగ్లిష్‌లో “మండే త్రూ ఫ్రైడే” అంటే శుక్రవారం కలుపుకొనే. మిగతా చోట్ల “అప్ టు అండ్ ఇంక్లూడింగ్ ఫ్రైడే” అంటే అనుమానం ఉండదు.

‘నుంచి’ ఇంకా పెద్ద ఉచ్చు. ‘2020 నుంచి’, ‘అయిదేళ్ల నుంచి’ అని రెండిటికీ మనం ఒకే ప్రత్యయం వాడతాం. ఇంగ్లిష్ వాటిని విడదీస్తుంది. మొదలైన క్షణం చెబితే ‘సిన్స్’: “సిన్స్ 2020”. గడిచిన నిడివి చెబితే ‘ఫర్’: “ఫర్ ఫైవ్ ఇయర్స్”. “సిన్స్ ఫైవ్ ఇయర్స్” తప్పు. క్రియ కూడా మారాలి. ‘అయిదేళ్ల నుంచి పనిచేస్తున్నాను’లో మనది వర్తమానం, అందుకే “ఐ యామ్ వర్కింగ్ హియర్” అని వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో గతంలో మొదలై ఇప్పటికీ నడుస్తున్నదానికి “ఐ హ్యావ్ వర్క్డ్ హియర్” లేదా “ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్” కావాలి.

‘రెండు గంటల్లో రాస్తాను’ అన్న తెలుగు వాక్యానికి రెండు అర్థాలున్నాయి: రాయడానికి రెండు గంటలు పడుతుంది, లేదా రెండు గంటలు గడిచాక రాస్తాను. విచిత్రంగా “ఐ విల్ రైట్ ఇట్ ఇన్ టూ అవర్స్”కీ సరిగ్గా ఆ రెండర్థాలే. మొదటిది కావాలంటే “ఇట్ విల్ టేక్ మి టూ అవర్స్”, రెండోది కావాలంటే “టూ అవర్స్ ఫ్రమ్ నౌ” అనాలి. ఆ లోపల ఎప్పుడైనా అయితే ‘వితిన్’. “ఐ విల్ కాల్ యూ ఆఫ్టర్ టూ అవర్స్” అన్నది మనవాళ్లలో చాలా మామూలు. వినేవాళ్లకి అర్థమవుతుంది గాని, దేని తర్వాత రెండు గంటలు అన్న ప్రశ్న మిగులుతుంది. ఇప్పటి నుంచి లెక్క అయితే ‘ఇన్’, వేరే సంఘటన నుంచి లెక్క అయితే ‘ఆఫ్టర్’. గతం వైపు కూడా ఇదే లెక్క: ఇప్పటి నుంచి వెనక్కి కొలిస్తే “టూ డేస్ అగో”, వేరే రోజు నుంచి వెనక్కి కొలిస్తే “టూ డేస్ బిఫోర్ ది ఎగ్జామ్”.

ఇక త్వరగా కొన్ని. ‘టుడే మార్నింగ్’, ‘యస్టర్‌డే నైట్’ కాదు. “దిస్ మార్నింగ్”, “లాస్ట్ నైట్”. గంటకి ‘ఎట్’, రోజుకి ‘ఆన్’, నెలకీ ఏడాదికీ ‘ఇన్’. ‘నెక్స్ట్’, ‘లాస్ట్’, ‘దిస్’, ‘ఎవ్రీ’ ముందుంటే ఇవేవీ వద్దు. ‘ఆన్ టైమ్’ అంటే సరిగ్గా చెప్పిన వేళకి, ‘ఇన్ టైమ్’ అంటే ఆలస్యమై చెడిపోకముందే.

ఎవరి లెక్క వారిది

‘నెక్స్ట్ ఫ్రైడే’ సోమవారం నాడు అంటే కొందరికి నాలుగు రోజుల్లో వచ్చే శుక్రవారం, కొందరికి దాని తర్వాతి వారంలోది. దీనికి సరైన జవాబంటూ లేదు. నిఘంటువు చూపించి వాదించినా అవతలివాళ్లు రావాల్సిన రోజున రారు. తేదీ రాయడమొక్కటే మార్గం. బ్రిటన్‌లో ‘ఫ్రైడే వీక్’ అంటే రాబోయే శుక్రవారం నుంచి ఇంకో వారానికి. ‘బైవీక్లీ’కి నిఘంటువుల్లోనే వారానికి రెండుసార్లు, రెండు వారాలకి ఒకసారి అని రెండర్థాలూ ఉన్నాయి, కాబట్టి “ట్వైస్ ఎ వీక్” లేదా “ఎవ్రీ టూ వీక్స్” రాయాలి. ‘మొమెంటరిలీ’ అమెరికాలో ‘మరుక్షణంలో’, బ్రిటన్‌లో ‘క్షణంపాటు’.

బ్రిటిష్ మాటల్లో ‘హాఫ్ ఫైవ్’ అంటే అయిదున్నర. జర్మన్‌లో అదే మాటల కూర్పు, ‘హాల్బ్ ఫ్యున్ఫ్’, నాలుగున్నర. జర్మన్ సహోద్యోగితో ఇంగ్లిష్‌లో మాట్లాడుతూ ‘హాఫ్ ఫైవ్’ అన్నామంటే గంట తేడా రావచ్చు. అమెరికన్ నోట ‘క్వార్టర్ అవ్ ఫైవ్’ అంటే అయిదుంపావు కాదు, పావు తక్కువ అయిదు.

పన్నెండు గంటలకి ‘ఎయెమ్’, ‘పీయెమ్’ వాడొద్దు. పగలైతే ‘నూన్’, రాత్రయితే ‘మిడ్‌నైట్’. మిడ్‌నైట్‌కి ఇంకో సందేహం ఉంది: శుక్రవారం మిడ్‌నైట్ అంటే శుక్రవారం మొదలయ్యే క్షణమా, ముగిసే క్షణమా? అందుకే గడువుల్లో 23:59 అని రాస్తారు. 03/04 అన్న తేదీ బ్రిటన్‌లో ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. నెల పేరు అక్షరాల్లో రాస్తే గొడవ ఉండదు. ఫైళ్ల పేర్లలో 1988లో వచ్చిన ఐఎస్‌వో 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఏడాది, నెల, రోజు వరసలో 2025-03-04 అని రాస్తే వరసక్రమం కూడా దానంతటదే కుదురుతుంది.

టైమ్ జోన్ల పొట్టిపేర్లు నమ్మదగినవి కావు. ఐఎస్‌టీ భారతదేశానిదీ కావచ్చు, ఐర్లండ్‌దీ కావచ్చు, ఇజ్రాయెల్‌దీ కావచ్చు. సీఎస్‌టీ అమెరికా మధ్య ప్రాంతానిదో, చైనాదో తేల్చాలి. ఊరి పేరూ, ప్రపంచమంతా లెక్కకి ఆధారంగా తీసుకునే సమయమైన యూటీసీ నుంచి తేడా కలిపి రాయాలి. వేసవి కోసం గడియారాలని గంట ముందుకి తిప్పే దేశాలు కూడా ఒకే రోజున మార్చవు: అమెరికా మార్చి రెండో ఆదివారం, యూరప్ మార్చి చివరి ఆదివారం. మామూలుగా న్యూయార్క్, లండన్‌ల మధ్య అయిదు గంటల తేడా ఉంటే ఆ మధ్యలోని రెండు మూడు వారాలు నాలుగే ఉంటుంది. ప్రతి వారం జరిగే మీటింగులకి జనం గంట ఆలస్యంగానో, గంట ముందుగానో వచ్చేది అప్పుడే.

ఒక ఉత్తరం సరిదిద్దితే

ఇవన్నీ ఒకచోట ఎలా పడతాయో చూద్దాం. “ది రివ్యూ హ్యాజ్ బీన్ పుష్డ్. ప్లీజ్ సెండ్ యువర్ కామెంట్స్ టిల్ నెక్స్ట్ ఫ్రైడే. వి విల్ టాక్ ఆఫ్టర్ టూ డేస్ ఎట్ 12.” మూడు చిన్న వాక్యాలు, అయిదు సందేహాలు. పుష్ ఏ వైపుకి? ‘టిల్’ బదులు ‘బై’ ఉండాలి. ఏ శుక్రవారం? దేని తర్వాత రెండు రోజులు? పన్నెండు పగలా, రాత్రా?

సరిదిద్దాక ఇలా ఉంటుంది: “ది రివ్యూ హ్యాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్ ఫ్రమ్ వెన్స్‌డే 12 మార్చ్ టు మండే 17 మార్చ్. ప్లీజ్ సెండ్ యువర్ కామెంట్స్ బై 18:00 ఆన్ ఫ్రైడే 14 మార్చ్. వి విల్ టాక్ ఎట్ నూన్ ఆన్ థర్స్‌డే 13 మార్చ్.” పాత తేదీ, కొత్త తేదీ రెండూ రాయడం చాలా ముఖ్యం. పాతది లేకపోతే ఇది ఏ రివ్యూ అని అడుగుతారు. వారం పేరు, తేదీ రెండూ రాయడం కూడా అంతే ముఖ్యం. రెండిట్లో ఒకటి పొరపాటున తప్పు పడితే రెండోది దాన్ని బయటపెడుతుంది, చదివేవాళ్లు వెంటనే అడుగుతారు. ఒక్కటే రాస్తే తప్పు తప్పుగానే వెళ్లిపోతుంది.

ఫోన్‌లో చెప్పేటప్పుడు ఇంకొక్క జాగ్రత్త కావాలి. థర్టీన్, థర్టీ ఒకేలా వినిపిస్తాయి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ కూడా అంతే. ‘టీన్’ ఉన్నవాటిలో ఊనిక చివర, ‘టీ’ ఉన్నవాటిలో ఊనిక మొదట వేసి పలకాలి. లైను సరిగా లేకపోతే “వన్ త్రీ”, “త్రీ జీరో” అని అంకెలు విడదీసి చెప్పి, అవతలివాళ్ల చేత ఒకసారి తిరిగి చెప్పించుకోవాలి.